రద్దయిన పైపు

ఆ సందులో తలుపు తడితే ముందు కిటికీ తెరుచుకునేది. రెక్క కాస్త జరిగేది, ఒక కన్ను కనిపించేది. ఆ కన్ను నన్నూ, నా చేతిలో టేపునీ, నా వెనక ఇనుప చువ్వ పట్టుకుని నిలబడ్డ ఫిట్టరునీ ఎగాదిగా చూసేది. తర్వాత రెక్క మూసుకునేది. లోపల గుసగుసలు వినిపించేవి. తలుపు తెరవాలా వద్దా అని వాళ్ళు తేల్చుకునేదాకా నేను ఎండలో నిలబడి ఉండేదాన్ని.

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, ఉప్పుగాలికి గోడల సున్నం పెచ్చులూడిపోయే సందుల్లో అదొకటి. పేరు చెప్పను. అప్పటి మనుషుల పిల్లలూ మనవలూ ఇంకా అక్కడే ఉన్నారు. మా ఆఫీసు పేరు కూడా వద్దు. ఊరికి మంచినీళ్ళిచ్చే ఆఫీసు అనుకోండి, చాలు.

ఎమర్జెన్సీ పోయి కొన్నేళ్ళే అయింది. కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగే మనిషంటే జనానికి ఆ భయం ఇంకా వదల్లేదు. ఒక ముసలమ్మ నన్ను చూడగానే ఇంట్లో మగవాళ్ళెవరూ లేరని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోవలసిన వయసువాళ్ళు అసలే లేరని చెప్పేసింది. ఇంకొకాయన రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీస్తున్నామనుకుని, తన అరుగుని నేను చూడకుండా అడ్డంగా నిలబడ్డాడు. ఇంటి పన్ను పెంచడానికే వచ్చామని చాలామంది అనుకున్నారు. మీ ఇంట్లో కుళాయి ఉందా, పైపు ఎటువైపు నుంచి లోపలికి వస్తుంది, నీళ్ళు ఎప్పుడొస్తాయి, ఎలా వస్తాయి, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని మాత్రమే అడగడానికి వచ్చామంటే నమ్మినవాళ్ళు లేరు. నిజం చెప్పాలంటే, అంత చిన్న విషయానికి ఆఫీసువాళ్ళు ఎండలో తిరుగుతారంటే నేనైనా నమ్మేదాన్ని కాదు.

నా ఉద్యోగం ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటాల మీద పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి, నల్ల సిరాతో తిరిగి గీయడం నా పని. కంప్యూటర్ తెర మీద ఊరంతటినీ వేలితో జరిపి చూసే మీకు ఆ పని ఎలా ఉండేదో ఊహకి అందదు. పాత పటం చిరిగిపోతే దాని మీంచి కొత్తది గీసేవాళ్ళం. అదీ పాతబడితే మళ్ళీ గీసేవాళ్ళం. అలా పటంలోంచి పటం పుడుతూ వచ్చేది. వీధిలోకి వెళ్ళి, నేల కింద పైపు నిజంగా అక్కడే ఉందా అని చూసినవాళ్ళు నేను చేరిన తర్వాత ఎవరూ లేరు.

అయితే ట్రేసరుని వీధిలోకి ఎందుకు పంపారంటారా. స్టీలు ప్లాంటు పనులు మొదలయ్యాయి, మా డ్రాయింగు సెక్షన్లో చెయ్యి తిరిగిన వాళ్ళంతా అటు ఎగిరిపోయారు. అదొక కారణం. ఆ సందులో పగటిపూట మగవాళ్ళు ఉండరు, ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళకి తలుపు తీయరు. అది రెండోది. నేను ఆడమనిషిని కాబట్టి, ఖాళీగా కనిపించాను కాబట్టి నన్ను పంపారు.

ఆ ఎండాకాలంలో సందులో పచ్చకామెర్లు మొదలయ్యాయి. ఒక ఇంట్లో, పక్క ఇంట్లో, మళ్ళీ ఏమీ సంబంధం లేకుండా వెనక వీధిలో. జనం దానికి కారణాన్ని అప్పటికే తేల్చేశారు. సందు చివర ఒక సాయిబుగారి ఇల్లుంది. బట్టలకి రంగులు వేయడం వాళ్ళ వృత్తి. వాళ్ళ తండ్రి కాలంలో మత్స్యకారుల నూలు వలలకీ తెరచాపలకీ రంగు పట్టించేవారట. నైలాను వలలొచ్చాక ఆ పని పోయింది. ఈయన వెలిసిపోయిన చీరలకి కొత్త రంగులద్ది బతుకుతున్నాడు. పెరట్లో రంగు తొట్టెలు, తాళ్ళ మీద ఆరేసిన చీరలు. కుళాయిలో ఒకసారి ఎర్రటి నీళ్ళొచ్చాయని సందులో చాలామంది చూశారు. ఇక వేరే సాక్ష్యం ఎవరికి కావాలి?

హార్బరులో గుమస్తాగా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి ముందుండి మా ఆఫీసుకి అర్జీ పెట్టించాడు. రంగుల తొట్టెలు తీసేయించాలి, లేకపోతే ఆ ఇల్లే ఖాళీ చేయించాలి అని. మనిషి చెడ్డవాడేమీ కాదు. ఆయన మనవడికి కూడా కామెర్లు వచ్చాయి. నేను మొదటి రోజు వెళ్ళినప్పుడు తనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎవరెవరి ఇంట్లో ఎవరు పడ్డారో చెప్పాడు. చెప్పి, గొంతు తగ్గించి, సాయిబు ఇంటికి వెళ్ళినా ఏమీ దొరకదని, అంతా కడిగి దాచేసి ఉంటాడని హెచ్చరించాడు.

మా అసిస్టెంట్ ఇంజనీరుగారు సాయిబుగారికి కుళాయి కోసేస్తామని అప్పటికే నోటీసు ఇచ్చేశారు. పై ఆఫీసు మాత్రం తాజా పటంతో రిపోర్టు అడిగింది. ఆ పటం కోసమే మా తిరుగుడు. తేల్చిన దానికి ఒక బొమ్మ తగిలించడమే మా పని అని నాకు లోలోపల తెలుసు.

నాతో వచ్చిన ఫిట్టరు సబ్బవరం వైపు మనిషి. వ్యవసాయం చేసుకునే కుటుంబం. రోజూ బస్సులో వచ్చి వెళ్ళేవాడు. ఆ ఏరియా వాల్వులన్నీ తిప్పేది అతనే. నేను బాబాయ్ అనేదాన్ని. నడక జోరు, మాట జోరు. ఏ వాల్వు ఎక్కడుందని అడిగినా ఆలోచించకుండా చెయ్యి చూపించేవాడు. అయితే నేను చువ్వతో గుచ్చి చూద్దామంటే మాత్రం టీకి వెళ్దామనేవాడు, లేదా నీళ్ళు వదిలే వేళయిందనేవాడు. ఒకచోట చూపించిన వాల్వు మర్నాడు ఇంకోచోటికి జరిగిపోయేది. అతను దొంగ కనెక్షన్లేవో ఇచ్చి ఉంటాడని, అవి నా కంట పడకుండా తిప్పుతున్నాడని నాకు గట్టి అనుమానం పట్టుకుంది. అతను చూపించిన ప్రతి చోటునీ, అతను బస్సెక్కాక నేను ఇంకోసారి వెళ్ళి చూసుకునేదాన్ని.

పటంలో ఒక విషయం నన్ను కెలుకుతూ ఉండేది. మెయిను పైపు సందు నడిమధ్య నుంచి పోతుంది. ఇళ్ళ వెనక, రెండు వీధుల పెరళ్ళూ కలిసే చోట, మురుగు కాలవ పక్కన చుక్కల గీత ఒకటి ఉంది. దాని మీద 'రద్దు' అని రాసి ఉంది. పాత కాలపు లైను, మెయిను వేశాక తీసేశారన్నమాట. తీసేశారా, వదిలేశారా అని ఫిట్టరుని అడిగాను.

"అదెప్పుడో పోయిందమ్మా. నాను రాకముందే పీకీసేరు," అన్నాడు.

చివర ఎక్కడ మూశారని అడిగితే, మట్టిలో ఎక్కడో మూసుంటారన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం కేసి చూడలేదు.

సాయిబుగారి ఇంటికి చివర్లో వెళ్ళాం. అక్కడ కిటికీ కూడా తెరుచుకోలేదు. నేను తడుతూనే ఉన్నాను. చివరికి ఆయన భార్య తలుపు ఓరగా తీసింది. ఫిట్టరు బయటే ఉండాలి, నేను ఒక్కదాన్నే లోపలికి రావాలి అంది.

పెరడు చూపించింది. తొట్టెలు చూశాను. వాటి నీళ్ళు పెరళ్ళ మధ్య మురుగు కాలవలోకి కాక, సందు చివర వేరే కాలవలోకి పోతున్నాయి, అది గీసుకున్నాను. కుళాయి చూశాను. పైపు వెనక గోడలోంచి వస్తోంది. మా పటం ప్రకారం ముందు వైపు నుంచి రావాలి. అది రాసుకుని, అందరి ఇళ్ళలో అడిగినట్టే, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

ఆమె లేదంది. చాలా తొందరగా అంది.

అప్పుడే లోపలి గదిలోంచి ఎవరో కక్కుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. నేను కూడా కదల్లేదు. ఆ పెద్దమనిషి చెప్పినట్టు ఏదో దాస్తున్నారనే అనుకున్నాను. మీరు చూపించకపోతే చూపించలేదని రాసుకుంటాను అన్నాను. ఆఫీసు గొంతుతోనే అన్నాను.

ఆమె పక్కకి తప్పుకుంది.

గదిలో చాప మీద వాళ్ళమ్మాయి పడుకుని ఉంది. నిండు గర్భిణి, పురిటికి పుట్టింటికి వచ్చింది. కిటికీ వెలుతురు ముఖం మీద పడుతోంది. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

ఎన్ని రోజుల నుంచి అని అడిగితే, సందులో అందరికంటే ముందు ఈ పిల్లకే మొదలైందని ఆ తల్లి మెల్లగా చెప్పింది. డాక్టరుకి చూపించలేదు. ఎందుకు చూపించలేదని అడిగాను.

"ఎలగ తీసికెళ్తామమ్మా? రిక్షా ఎక్కితే అందరూ చూత్తారు. ముందు మాకే వొచ్చిందని తెలిత్తే, మా ఇంట్లోంచే పుట్టిందంటారు. ఇప్పటికే ఇల్లు కాళీ సెయ్యమంతన్నారు," అంది. తర్వాత నా చేతిలో కాగితం చూసి, "ఇది రాయకమ్మా," అంది.

అనుమానం నాకు ఆ క్షణంలో కూడా పోలేదని చెప్పాలి. వాళ్ళ రంగులే వాళ్ళ పిల్లకి కూడా ఎక్కాయేమో అనుకున్నాను. కానీ ఇంకో ఆలోచన దానికి అడ్డం వచ్చింది. సందులో ఇంతమంది ఈ ఇంటిని తిట్టుకుంటున్నారు, అర్జీ పెట్టారు, నోటీసు ఇచ్చాం. మీరు ఏ నీళ్ళు తాగుతున్నారని ఈ ఇంట్లోవాళ్ళని ఒక్కరూ అడగలేదు. వీళ్ళూ అదే కుళాయి నీళ్ళు తాగుతున్నారు.

రాయక తప్పదని, అయితే ముందు అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని చెప్పాను. తల్లి ఒప్పుకోలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకి కామెర్లు ప్రాణం మీదకి వస్తాయని, మా పిన్నిని అలాగే పోగొట్టుకున్నామని చెప్పాను. అది నిజమే. అప్పుడు కదిలింది. రిక్షా సందు మొదట్లో కాకుండా ఇంటి గుమ్మం ముందుకే రప్పించాను. ఫిట్టరుని ముందు నడవమని, నేను ఆ తల్లీకూతుళ్ళ పక్కన రిక్షాలో ఇరుక్కుని కూర్చున్నాను. సందు పొడవునా కిటికీలు తెరుచుకున్నాయి. ఆ రోజు మొదటిసారి ఆ కళ్ళకి నేను కూడా సాయిబుగారి ఇంటివాళ్ళలో ఒకదాన్నయ్యాను.

మర్నాడు ఆఫీసులో పటం పరిచి, జబ్బు పడ్డ ఇళ్ళకి ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టాను. సందులో ఎడమ వరస ఇళ్ళకీ, వెనక వీధిలో కుడి వరస ఇళ్ళకీ సున్నాలు పడ్డాయి. ఎదురు వరసల్లో ఒక్కటీ లేదు. అవి రెండూ వేరు వేరు వీధులు, కానీ పెరటి గోడలు ఒకటే. సున్నాలు పడ్డ ఇళ్ళన్నిట్లో పైపు వెనక గోడలోంచి వస్తోంది. సున్నాలన్నీ ఆ చుక్కల గీతకి అటూ ఇటూ పూసల్లా కూర్చున్నాయి.

ఇంజనీరుగారికి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. అది రద్దయిన లైను కదా, లేని పైపులోంచి నీళ్ళెలా వస్తాయన్నారు. ఇళ్ళలో పైపులు వెనక నుంచి వస్తున్నాయని చెప్తే, ఆడవాళ్ళకి ముందూ వెనకా తెలియక అలా చెప్పి ఉంటారన్నారు. నేను కళ్ళతో చూశానన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, సాయిబుగారి అమ్మాయిని నేను ఆసుపత్రికి తీసుకెళ్ళిన సంగతి తనకి తెలిసిందన్నారు. తర్వాత నవ్వుతూనే, రంగు వేసిన చీర ఏదైనా ఇచ్చారా అని అడిగారు.

పటం చుట్టుకుని బయటికి వచ్చేశాను. మెట్ల దగ్గర ఫిట్టరు బీడీ కాల్చుకుంటున్నాడు. నా కోపం అతని మీదకి మళ్ళింది. ఆ వెనక లైను సంగతి నీకు తెలుసు, ఎవరిని కాపాడటానికి దాస్తున్నావని మొహం మీదే అడిగేశాను.

అతను బీడీ పడేశాడు. కోప్పడతాడనుకున్నాను. మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

ఏం తెలియదన్నాను.

"ఏటీ తెలీదు. నానొచ్చేసరికి ముందున్న ఫిట్టరు పోయేడు. సూపించినోడు నేడు. నాలుగు వాల్వులు తిప్పితే నీళ్ళొత్తన్నాయి, తిప్పుతన్నాను. కింద ఏ పైపు ఎక్కడికి ఎల్తాదో నాకేటి తెలుసు? తెలీదంటే ఈ ఏరియాలోంచి తీసెత్తారని బయం. ఆపీసులో పటం ఉంది కదా, అవసరమైతే అందులో సూసుకుంతారు అనుకున్నాను."

ఆఫీసులో మేమంతా, పటంలో లేకపోతే ఏం, ఫిట్టరుకి తెలుసు కదా అనుకునేవాళ్ళం. అతనేమో పటానికి తెలుసు కదా అనుకున్నాడు. ఏదో దాస్తున్నాడని ఇన్నాళ్ళూ అతని వెంట పడ్డాను. అతను దాచింది ఒక్కటే, తనకి తెలియదన్న సంగతి.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి మళ్ళీ ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ముందు ఫిట్టరు అదే మాట మళ్ళీ చెప్పాడు. అలా చెప్పడానికి అతనికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఇంజనీరుగారు ఈసారి నవ్వలేదు. తవ్వమని ఆర్డరు ఇవ్వాలంటే పెరళ్ళు, గోడలు కూలగొట్టాలి, అనుమానం మీద అంత పని చేయలేనన్నారు. ముందు ఏదైనా గట్టి రుజువు కావాలన్నారు.

పెరళ్ళ మధ్య మురుగు కాలవలో రంగు కలిపి, అది కుళాయిల్లో వస్తుందేమో చూడాలి. మా దగ్గర బావుల్లో వేసే పొటాషియం పర్మాంగనేటు ఉంది కానీ, మురుగులో పడితే దాని రంగు చచ్చిపోతుంది. మురుగుని తట్టుకుని నిలిచే రంగు కావాలి. అది ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఫిట్టరు వెళ్ళి అడిగాడు.

సాయిబుగారు అప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పొట్టి మనిషి, చేతులు మోచేతుల దాకా ఏ నీళ్ళకీ పోని నీలంలో ఉండేవి. విషయం విని, ముందు నా కాలవలోనే పొయ్యండి అన్నాడు. నీ కాలవ మీద మాకు అనుమానం లేదని ఫిట్టరు చెప్పినా వినలేదు.

"మీకు నేదు. సందుకి ఉంది. ముందు నా కాలవలో పోసి అందరికీ సూపించండి. నా రంగు ఎవులి కుళాయిలో వొచ్చినా, సాయంకాలానికి ఇల్లు కాళీ సేసి పోతాను," అన్నాడు.

కూతురు ఆసుపత్రిలో ఉంది. భార్య అక్కడే ఉంది. ఇల్లు పందెం పెట్టి ఆయన ఒంటరిగా రంగు కలిపాడు. నాకు భయం వేసింది. కాలవ ఎక్కడ చిల్లి పడి ఎక్కడ కారుతోందో ఎవరికి తెలుసు. ఆయన కాలవ కూడా పొరపాటున ఆ పైపుని తాకుతూ ఉంటే?

నీళ్ళు వదలడానికి చాలాముందే సందంతా చేరింది. ఎవరూ తాగొద్దని, కుళాయి తిప్పి చూడండి చాలని ఇంటింటికీ చెప్పాం. హార్బరు గుమస్తాగారు ముందు వరసలో ఉన్నారు. సాయిబుగారు తన పెరటి కాలవలో గులాబి రంగు డబ్బా ఒంపాడు. కాలవ పొడవునా గులాబి చార పారింది. పైపులు ఖాళీగా ఉన్నప్పుడు చిల్లులుంటే బయటి నీటిని లోపలికి పీల్చుకుంటాయి, అందుకని కాసేపు ఆగి వాల్వు తిప్పాం. కుళాయిలన్నీ బుసకొట్టి పారాయి. తెల్లటి నీళ్ళు. ఒక్క ఇంట్లోనూ రంగు లేదు.

సాయిబుగారు డబ్బా కింద పెట్టాడు. జనం ఊరుకోలేదు. పల్చటి రంగు కలిపాడన్నారు. మేము, ఆయన కలిసి నాటకం ఆడుతున్నామన్నారు. గుమస్తాగారు డబ్బాలో మిగిలిన రంగులో తన తువ్వాలు కొస ముంచి చూశారు. తువ్వాలు పాడైంది. ఆ రంగు ఎన్ని ఉతుకులకి పోయిందో తెలియదు.

మర్నాడు వెనక పెరళ్ళ మధ్య మురుగు కాలవలో, ఆ చుక్కల గీత ఉన్న చోట పోయాలి. సాయిబుగారు డబ్బా ఎత్తగానే గుమస్తాగారు ముందుకొచ్చి, నేను పోస్తాను అన్నారు. సాయిబుగారు డబ్బా ఆయన చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు. గుమస్తాగారు ఇంకోసారి మూత తీసి చూసి, వాసన చూసి, చివరి బొట్టు దాకా కాలవలో ఒంపారు. ఇంజనీరుగారి జీపు సందు మొదట్లో ఆగి ఉంది.

ఫిట్టరు వాల్వు తిప్పాడు. గుమస్తాగారు నేరుగా తన ఇంటికి నడిచారు. వెనక నేనూ వెళ్ళాను. కుళాయి కింద ఇత్తడి బిందె పెట్టి ఉంది. ముందు గాలి బుస, తర్వాత బురద, తర్వాత నీళ్ళు. మొదట్లో తెల్లగానే ఉన్నాయి. తర్వాత బిందె మూతి దగ్గర నీటి ధార గులాబి రంగులోకి తిరిగింది.

ఆయన కుళాయి కట్టలేదు. బిందె నిండి, పొర్లి, గులాబి నీళ్ళు ఆయన పాదాల మీదుగా పారుతున్నా అలాగే నిలబడ్డారు. ఆ కుళాయి నీళ్ళే ఆయన మనవడు తాగాడు. వీధిలో ఒక్కొక్క ఇంట్లోంచి ఆడవాళ్ళ కేకలు వినిపించడం మొదలైంది. ఎర్ర సున్నాలు పడ్డ ఇళ్ళన్నిట్లోంచి.

ఆ మధ్యాహ్నమే తవ్వారు. పైపు దొరికింది. మురుగు కాలవ గోడలోంచి అడ్డంగా దూరి, తుప్పుకి జల్లెడలా అయిపోయి ఉంది. కొత్త మెయిను వేసినప్పుడు ఒక చివర మూసి, రెండో చివర మెయినుకే కలిపి వదిలేశారు. ఎందుకు వదిలేశారో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. బహుశా ఆ ఇళ్ళకి ఆ పూట నీళ్ళు ఆగకుండా ఉండాలని కావచ్చు, తర్వాత మారుద్దాం అనుకుని కావచ్చు. పటంలో మాత్రం ఎవరో రద్దు అని రాశారు. ఆ మాట పైపుకి తెలియదు కదా, అది నీళ్ళిస్తూనే ఉంది. అంతకుముందు కుళాయిలో వచ్చిన ఆ ఎర్ర నీళ్ళు కూడా ఆ తుప్పూ, చుట్టూ ఉన్న ఎర్రమట్టీ. రంగు తొట్టెలకీ దానికీ సంబంధం లేదు.

ఇంజనీరుగారు గోతి అంచున చాలాసేపు నిలబడ్డారు. మర్నాడు నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఆ వారంలోనే వన్‌టౌన్ అంతా ఇల్లిల్లూ తిరిగి, వాల్వు వాల్వూ తెరిచి చూసి పటం మళ్ళీ గీయమని ఆర్డరు వచ్చింది. ఆ పని నాకూ ఫిట్టరుకీ ఏళ్ళ తరబడి సరిపోయింది. తనకి తెలియని చోట తెలియదనడం అతను అప్పటికే నేర్చుకున్నాడు. అంతకంటే మంచి జోడీ నాకు మళ్ళీ ఉద్యోగంలో దొరకలేదు. మీరెంత మంచి యంత్రం ముందు కూర్చున్నా, దానికి లెక్కలు అందించేది ఎండలో నిలబడి తలుపు తట్టిన మనిషే అని మీకు చెప్పడానికే ఇదంతా.

సాయిబుగారి అమ్మాయి బతికింది. బిడ్డ దక్కలేదు.

గుమస్తాగారు సాయిబుగారి ఇంటికి వెళ్ళారని, గుమ్మం దగ్గర నిలబడి ఏదో చెప్పారని, సాయిబుగారు కూర్చోమన్నారని విన్నాను. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. సందు మాత్రం వెంటనే మారిపోలేదు. చాలా రోజులు ఆ ఇంటి ముందు నుంచి జనం కొంచెం పక్కకి జరిగే నడిచారు.

కొత్త పైపు వేశాక ప్రతి ఇంటికీ ఇంకోసారి వెళ్ళి, నీళ్ళు బాగా వస్తున్నాయా అని చూసి రావాలి. సాయిబుగారి ఇంట్లో అమ్మాయి నులకమంచం మీద కూర్చుని ఉంది. కళ్ళలో పసుపు తగ్గింది. నన్ను చూసి తల దించుకుంది. వాళ్ళమ్మ కుళాయి తిప్పి, గాజు గ్లాసు నిండా పట్టి నాకందించింది.

నేను అందుకున్నాను కానీ తాగలేదు. ఆ కాలవా, ఆ జల్లెడ పైపూ కళ్ళ ముందు మెదిలాయి. అదంతా పోయిందని నాకు తెలుసు, కొత్త పైపుని నా చేతులతో పటంలో గీశాను. అయినా గ్లాసు పెదాల దాకా వెళ్ళలేదు. ఆమె నా ముఖమే చూస్తోంది.

"మా ఇంట్లో తాగవేటమ్మా?" అంది.

అది కాదన్నాను. నీళ్ళంటే భయంగా ఉందని, అన్నీ తెలిసి కూడా నమ్మకం కుదరడం లేదని ఉన్నమాట చెప్పాను.

ఆమె నన్ను పరీక్షగా చూసింది. నిజమే చెప్తున్నానో, మర్యాదకి అంటున్నానో తేల్చుకుంటున్నట్టు. తర్వాత ఇంకో గ్లాసు తీసుకుని కుళాయి కింద పట్టింది.

"నాకూ అంతేనమ్మా. రోజూ ఎలుతురులో పెట్టి సూసి గానీ తాగలేకపోతన్నాను," అంది.

ఇద్దరం గుమ్మంలోకి వచ్చి గ్లాసులు వెలుతురుకి ఎత్తి చూశాం. చాలాసేపు చూశాం. అందులో ఏమీ లేదు. ముందు ఆమె తాగింది. తర్వాత నేను తాగాను.